పన్నెండో చీర, నా ఎర్రచుక్క

నేను ఒక లావుపాటి మానిటర్‌ని. పాత తెలుగులో లావంటే బలం, కొత్త తెలుగులో లావంటే అవమానం. నేను పుట్టేనాటికి మొదటి అర్థం నడిచేది, పాతబడేనాటికి రెండోది వచ్చి కూర్చుంది. అందులో నా తప్పేమీ లేదు. నా ముఖం పదిహేనంగుళాలు, వీపు అంతకంటే ఎక్కువ. ఈనాటి తెరలకి వీపన్నదే లేదు. వెన్నెముక లేనివాళ్ళతో నాకు పోలికేమిటి? నా గుండె ఒక గాజుగొట్టం. మీరు ఎవర్నైనా 'గొట్టంగాడు' అని తీసిపారేసినప్పుడల్లా నాకు ఒళ్ళు వేడెక్కుతుంది. అయినా వెనకాల వైరు ఉందే గాని, నాకెవరితోనూ వైరం లేదు. ఇంత వాగుడుకాయనైన నేను, నోరు విప్పవలసిన ఒకే ఒక్క రోజున విప్పలేకపోయాను. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా.

ఉత్తరాదిలో ఏదో ఫ్యాక్టరీలో నన్ను తయారుచేశారు. నా గొట్టం మెడలో మూడు తుపాకులు బిగించారు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. బెదిరిపోకండి, ఇవి ప్రాణం తీసే తుపాకులు కావు, బొమ్మలకి ప్రాణం పోసేవి. అవి కాల్చిన చోటల్లా గాజు లోపలి పొడి మీద చుక్క వెలుగుతుంది. మూడు రంగుల చుక్కలు మూడూ పక్కపక్కన వెలిగితే మీకు లోకంలోని రంగులన్నీ కనిపిస్తాయి. అంటే, మనుషులకి చుక్కలు చూపించడమే నా వృత్తి.

కాకినాడ మెయిన్‌రోడ్డులో నాగభూషణం గారి డీటీపీ సెంటర్లో నా మొదటి కొలువు. పనంతా శుభలేఖలు. ఆయనకి మాత్రం పెళ్ళి కాలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ అచ్చుతప్పులు దిద్దుతూ, తన జీవితాన్ని ఖాళీ కాగితంగా వదిలేసిన పెద్దమనిషి. "పెళ్ళికొడుకు పేరు తప్పుపడినా సర్దుకుంటారండి, ఎరుపు తప్పితే మాత్రం ఊరుకోరండి" అనేవాడు. వినాయకుడు ఎరుపు, ముహూర్తం ఎరుపు, విందు ఎరుపు. తొమ్మిదేళ్ళపాటు పొద్దుట్నుంచి సాయంత్రందాకా నా ఎర్రతుపాకీ ఒక్కటే పేలుతూ ఉండేది, పచ్చా నీలం గుమాస్తాల్లా కునుకుతీసేవి. ఎంతమంది ఆడపిల్లల నుదుట కుంకం దిద్దడానికి నా ఎరుపు అరిగిందో ఎవరూ లెక్క కట్టలేదు. నేనూ కట్టలేదు. కట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తర్వాత పలచటి తెర వచ్చింది, నన్ను అటకెక్కించారు. మనుషుల్లో పైకెక్కితే గౌరవం. వస్తువుల్లో పైకెక్కడమంటే అటకే. నాలుగేళ్ళు అక్కడ బూజుతో బంధుత్వం కలుపుకుని బతికాను.

ఒకరోజు విజిటింగ్ కార్డుల కోసం వచ్చిన ముప్ఫై ఏళ్ళ మనిషి తలెత్తి పైకి చూసింది.

"పైన అదేంటండి?"

"అదాండి? గొట్టం మానిటరండి. ఎందుకూ పనికిరాదండి."

"నాక్కావాలండి."

"ఎందుకమ్మా?"

"పనికండి!"

ఆవిడ పేరు మణిమాల. హైదరాబాదులో ఒక పెద్ద ఆటల కంపెనీలో పనిచేసి, అక్కడ జనం చేత డబ్బులు పెట్టించే ఆటలు తయారుచేసి విసిగి, సొంతూరు కాకినాడ వచ్చి గాంధీనగర్లో ఒక హోమియో మందుల షాపు పైగదిలో సొంతంగా స్టూడియో పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళనాటి ఆటల్లా ఉండే ఆటలు చేసేది. పెద్దపెద్ద చదరపు చుక్కలతో బొమ్మలు, టింగుటింగుమనే సంగీతం. దించుకోవడాలూ ఎక్కించుకోవడాలూ లేవు. బ్రౌజర్లో పేజీ తెరిస్తే చాలు, ఆట అక్కడే మొదలు. ఆఫీసుల్లో పనిచేస్తున్నట్టు నటించేవాళ్ళకి ఇంతకంటే మహోపకారం మరొకరు చేయలేదు. స్టూడియో పేరు 'మూడు చుక్కలు'. నాలో వెలిగేవి మూడు చుక్కలే కదా అని మురిసిపోయాను. చెప్పదలచిన మాట సగంలో ఆగిపోయినప్పుడు పెట్టేవి కూడా మూడు చుక్కలేనని తర్వాత తెలిసింది.

ఆవిడకి నేను కావలసివచ్చింది సోమలింగం గారి మూలాన.

సోమలింగం గారిది ఉప్పాడ. నేత కుటుంబం. ఓట్లు అడిగే నేత కాదు, చీరలు నేసే నేత. పేకతో చెడిన కొంపలు మీరు చాలా చూసుంటారు. పేకతో నిలబడ్డ కొంప ఆయనది, మగ్గం మీద అడ్డంగా నడిచే పేక. జాందానీ చీరకి డిజైను రాయడం ఆయన పని. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో రంగుతో నింపుతాడు. గడికో పోగు చొప్పున నేతగాళ్ళు నేస్తారు. ఆ కాగితాలన్నీ పుస్తకాలుగా కుట్టి దాచుకున్నాడు. నలభైమూడు పుస్తకాలు. వాళ్ళమ్మకి చీర కొందామని ఉప్పాడ వెళ్ళిన మణిమాల, చీర సంగతి మర్చిపోయి ఆయన పక్కన చాప మీద చతికిలపడిందట.

"బాబాయ్ గారూ, మీరు చేసే పనీ నేను చేసే పనీ ఒకటేనండి."

"అలాగా! నువ్వు ఏ మగ్గం మీద నేత్తావమ్మా?"

"కంప్యూటరు మీదండి. గడి గడీ నింపుకుంటూ బొమ్మ చెయ్యాలండి. నాకు రాదు. మీకొచ్చు."

అలా యాభైఎనిమిదో ఏట ఆయన ఆటల్లోకి దిగాడు. పొద్దున్నే ఉప్పాడ బస్సులో క్యారేజీ పట్టుకుని వచ్చేవాడు. కీలు అరిగిన కీబోర్డు, కీళ్ళు అరిగిన సోమలింగం గారు బాగానే కుదిరారు. కుదరనిది పలచటి తెర ఒక్కటే. "చుక్కలు ఎక్కడివక్కడ కూచున్నాయమ్మా. ఒకదాంతో ఒకటి మాటాడుకోటం లేదు. ఇది గుడ్డా, జల్లెడా?" అనేవాడు. నన్ను తెచ్చి ముందుపెట్టిన రోజున ఆయన నా గాజుకి ముక్కు ఆనించి చూశాడు. నా దగ్గర చుక్కలు అంచుల్లో కాస్త కరిగి, పక్కచుక్కలో కలుస్తాయి. అది నా లోపమేనంటారు కంపెనీవాళ్ళు. ఆయన మాత్రం, "ఇదీ నేతంటే" అన్నాడు. నా జన్మలో నన్ను అంత దగ్గరగా చూసి మెచ్చుకున్న మనిషి ఆయనే. మణిమాల నాకు బొర్రబాబాయి అని పేరు పెట్టింది. అసలు బాబాయికి కోపం రాలేదు.

బల్లకి ఇటు నేను, నా ఎదురుగా ఆయన. బల్లకి అటు మణిమాల ల్యాప్‌టాప్, దాని ఎదురుగా ఆవిడ. నా వీపూ దాని మూతా ఎదురుబొదురు. ఎవరి తెర వాళ్ళకే కనిపించేది. ఆయన నా మీద రంగులు చూసుకుని "అయిందమ్మా" అంటే ఆట విడుదలైనట్టే. విడుదలయ్యాక ఆయన దాని వంక చూసేవాడు కాదు. అది ఆయన పట్టింపు. "మగ్గం దిగిన చీర మళ్ళీ మనం విప్పకూడదు. కట్టుకున్నోళ్ళదే ఇంక" అనేవాడు.

రెండో ఏడు గడిచేసరికి నా ఎరుపు తగ్గడం మొదలైంది. శుభలేఖల పాపం! ఒక్కసారిగా పోలేదు, వయసులా పోయింది. ఆయన రోజూ చూసే మనిషి గనక తేడా పట్టలేదు. రామచిలక ముక్కు కాస్త వెలవెలబోయినట్టుంటే ఒక చిటికెడు ఎరుపు పెంచేవాడు. మర్నెల మరో చిటికెడు. ఉప్పు తెలియని నాలుకని నమ్ముకుని కూరలో ఉప్పు వేసే వంటవాడి పరిస్థితి ఆయనది. ఆ మొద్దునాలుకని నేనే.

అవతలి పక్క మణిమాల తెర మీద ఆ చిలక ముక్కు ఎండుమిరపకాయలా మండిపోయేది. ఆవిడ పెదవి కొరుక్కునేది. ఎందుకంటే ఆయన ఎప్పుడో అన్న మాట ఒకటి ఆవిడకి గుర్తుంది. "మా నాన్నకి అరవయ్యో ఏట కళ్ళు పోయాయమ్మా. ముందు ఎరుపే పోయింది. నాకూ అలాగే పోద్దేమోనని పొద్దున్న లేవగానే మా ఆవిడ బొట్టు చూసుకుంటాను."

అలాంటి మనిషితో మీ ఎరుపు తప్పుతోందని ఎలా చెప్పడం? చెప్పలేదు. విడుదలకి ముందు ఎవరికీ తెలియకుండా తనే ఎరుపు తగ్గించి ఆటని పంపేది. ఈ నెలా, వచ్చే నెలా, మూడేళ్ళు. ఆయన పెంచడం, ఆవిడ తగ్గించడం. మధ్యలో నా వీపు. మనుషుల మర్యాద ఎంత గొప్పదంటే, అది అబద్ధం కంటే ఎక్కువ కాలం నిలబడుతుంది.

ఆ రోజుల్లోనే 'పడుగు-పేక' అనే ఆట మొదలైంది. పైనుంచి రంగురంగుల పోగులు రాలుతుంటాయి. సరైన పోగు సరైన గడిలో పట్టుకుంటే చీర నేసినట్టు. మొత్తం పన్నెండు చీరలు. నెలకో చీర పేజీలో పెట్టాలని ఏర్పాటు. మొదటి పదకొండూ ఆయన రాసిన పాత డిజైన్లు. పన్నెండోది వేరు. పెళ్ళికి ముందు ఆయన తన చేత్తో, కాబోయే భార్య గంగరత్నం గారి కోసం నేసిన చీర అది. ఎర్రటి కొంగు, కొంగులో మామిడి పిందెలు. ఆ చీర ఇప్పుడు లేదు. కెరటాలు ఒడ్డు కోసి పాత ఇంటిని తీసుకుపోయినప్పుడు పెట్టెతో సహా సముద్రం కట్టుకుపోయింది. మిగిలింది నలభైమూడో పుస్తకంలో దాని గ్రాఫు ఒక్కటే.

"ఆ ఒక్క చీరా వేసేత్తే నేనింక ఇంట్లో కూచున్నా పరవాలేదమ్మా" అనేవాడు. "మా ఆవిడ ముప్ఫైయేళ్ళుగా దెప్పుతోంది, సముద్రానికి పెట్టిన చీర మళ్ళీ నాకు పెట్టలేదని."

పదకొండో చీర పేజీలోకి ఎక్కిన వారం, ఎక్కడో జరిగే ఆటల పండగకి 'పడుగు-పేక' ఎంపికైంది. చిన్న వీడియో పంపమన్నారు. మణిమాలకి ఉత్సాహం వచ్చింది. పాత గొట్టం తెర, దాని ముందు పాత నేతగాడు, చూడ్డానికి బావుంటుందని. విడుదలైన ఆటలో ఏడో చీర నా మీద తెరిచి, ఆయన్ని ఆడమని, తను నా పక్కన ఫోను పట్టుకుని నిలబడింది. ఫోను ఆయన ముఖం మీదికే. నా ముఖం ఆవిడకి కనపడదు.

దిగిన చీర ఆయన మొదటిసారి విప్పాడు. ఆవిడ తగ్గించిన ఎరుపు, పైన నా అరిగిపోయిన ఎరుపు. రెండు తగ్గుళ్ళు కలిసి ఏడో చీర అంచు వాననీటిలో నానిన ఇటుకలా తేలింది. ఆయన ముఖంలో నవ్వు దిగిపోవడం ముందు ఫోను చూసింది, తర్వాత మణిమాల చూసింది.

"అమ్మాయ్, ఇదెవరేశారు?"

"మీరేనండి. ఏడో చీర కదండీ."

"ఏడో చీర నాదే. ఈ ఎరుపు నాది కాదు."

ఆవిడ ఫోను దించింది. "కొంచెం సర్దానండి."

"సర్దావా? ఇదొక్కటేనా?"

ఆవిడ ఫోను ఆపి బల్ల మీద బోర్లించింది.

"ఎన్నాళ్ళబట్టి సర్దుతున్నావమ్మా?"

"మూడేళ్ళండి... మీకు ఎరుపు ఎక్కువైపోతోందండి. చెబితే బాధపడతారని..."

ఆయన కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నా వంక చూశాడు. నన్ను కాదు, తన తండ్రిని చూస్తున్నట్టు చూశాడు.

నేను నా గొట్టంలో ఉన్న బలమంతా కూడదీసుకుని రెపరెపలాడాను. బొమ్మని ఎగరేశాను, వంచాను, కన్నుకొట్టాను. అయ్యా, తప్పు నాది, ఆ ల్యాప్‌టాప్‌ని ఇటు తిప్పండి, జానెడు దూరం! రెండు తెరలూ పక్కపక్కన పెడితే పసిపిల్లకి కూడా తెలిసిపోతుంది!

"లో ఓల్టేజీ అండి" అంది మణిమాల, ఏదో ఒకటి అనాలి గనక.

ల్యాప్‌టాప్‌లో ఆయన వేసిన అసలు బొమ్మ తెరిచే ఉంది. ఆ మండిపోయే ఎరుపు ఆయన కంటపడితే ఇంకా నొచ్చుకుంటాడని ఆవిడ మూత నెమ్మదిగా దించేసింది. ఇది ఆవిడ చేసిన ఆఖరి మర్యాద. ఆ మూత పడిన చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది.

"మా నాన్నకీ ముందు ఎరుపే పోయింది" అని క్యారేజీ తీసుకుని, నలభైమూడో పుస్తకం చంకలో పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు. మర్నాడు ఆ బస్సులో ఆయన రాలేదు. మణిమాల ఫోను చేస్తే గంగరత్నం గారు ఎత్తి, "ఆయన నిద్దరోతున్నారమ్మా" అంది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ నిద్రే.

ఎనిమిది నెలలు గడిచాయి. మణిమాల పన్నెండో చీర తను వెయ్యబోయి మానేసింది. వేరే బొమ్మలవాళ్ళు చేసిన ఆటలు రెండు వచ్చాయి, వెళ్ళాయి. 'పడుగు-పేక' ఆడినవాళ్ళు మాత్రం రాస్తూనే ఉన్నారు, పన్నెండో చీర ఎప్పుడని. చివరికి విశాఖపట్నంలో ఉద్యోగం చూసుకుని, గది ఖాళీ చేసే రోజు వచ్చింది. బల్ల జరపడానికి ల్యాప్‌టాప్‌ని ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక నా పక్కన పెట్టింది. ఐదేళ్ళలో మొదటిసారి మేమిద్దరం ఒకేవైపు తిరిగి కూర్చున్నాం. వెళ్ళేముందు ఒకసారి చూసుకుందామని ఆయన వేసిన అసలు పదకొండో చీర నా మీద తెరిచింది.

చీర చక్కగా ఉంది. ఎరుపు ఎంత ఉండాలో అంత.

ఆవిడ అదే బొమ్మ ల్యాప్‌టాప్‌లోనూ తెరిచింది. అటు చూసింది, ఇటు చూసింది. నేల మీద కూలబడి, "ఒరే బొర్రబాబాయీ, నువ్వట్రా!" అంది. నన్ను ఎవరైనా తిట్టాలని అంతగా ఎదురుచూసిన రోజు మరొకటి లేదు.

అరగంటలో నేను, ల్యాప్‌టాప్, పాత కంప్యూటరు, మణిమాల ఆటోలో ఉన్నాం. బీచిరోడ్డు గతుకులకి నా గొట్టం గుండె గొంతులోకి వచ్చింది. మధ్యాహ్నం ఎండలో సోమలింగం గారి అరుగు మీద దిగాం. గుమ్మంలో గంగరత్నం గారు.

"రామ్మా రా. ఆ లావాటి పెట్టేటి? టీవీయా? మాకుందిగా!"

"టీవీ కాదు పిన్నిగారూ. దొంగని పట్టుకొచ్చానండి."

మగ్గం పక్కన మంచం మీద మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి, ఒకే చీర రెండింట్లో తెరిచింది. ఆయన లేచాడు. మగ్గం మీంచి ఎర్రనూలు కండె ఒకటి తీసి, ముందు ల్యాప్‌టాప్ అద్దానికి ఆనించాడు. బొమ్మ ఎరుపు మండుతోంది, దాని ముందు కండె వెలవెలబోయింది. తర్వాత నా గాజుకి ఆనించాడు. కండె ఎక్కడ ఆగిందో, చీర ఎక్కడ మొదలైందో తెలియలేదు. అలా ఐదుసార్లు చూశాడు.

"అయితే నా కన్ను బానే ఉందన్నమాట."

"ఉందండి. ఎప్పుడూ బానే ఉందండి."

"కాకినాడ కంటాసుపత్రిలో డాక్టరుగారు చెప్పలేదేటి?" అందుకుంది గంగరత్నం. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయయ్యా అంటే, 'ఆయన కూడా మర్యాదస్తుడేలే' అని లేచొచ్చేశారమ్మా ఈయన!"

మణిమాలకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "రండి బాబాయ్ గారూ. గది ఇంకా వదల్లేదు. ఉజ్జోగం వద్దని చెప్పేస్తాను. పన్నెండో చీర మిగిలిపోయింది."

ఆయన కండెని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "పుస్తకాలు లేవమ్మా."

"లేవా?"

"రంగు కనపడనోడికి రంగుల పుస్తకాలెందుకని ఇచ్చేశాను."

"బజ్జీల బండోడికి" అంది గంగరత్నం. "నలభైమూడూను. నా పెళ్ళిచీర మీద ఎవడో మిరపకాయ బజ్జీ పెట్టుకుని తినేసుంటాడు." నవ్వించాలనే అంది గాని, ఆ వెంటనే మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయింది.

"గుర్తున్నంత మటుకు వెయ్యండి" అంది మణిమాల.

"గుర్తున్నంత ఏత్తే అది బొమ్మవుద్ది గానీ చీరవదమ్మా. కొంగులో పిందె ఎన్నో పోగు దగ్గర తిరిగిందో ఆ కాగితానికే తెలుసు." కండె మంచం మీద పెట్టాడు. "ఎరుపు తప్పింది ఈ పెట్టె. అది సరే. మూడేళ్ళు మాట దాచింది పెట్టె కాదు గదమ్మా. తప్పంతా నీదేనని అననమ్మా, నేనూ అడగలేదు. దిగిన చీర చూడకూడదని పట్టింపొకటి పెట్టుకుని కూచున్నాను. కానీ ఇంక నేను అక్కడ ఏ రంగేసినా, ఈ అమ్మాయి ఎనకాల సర్దుతుందేమోననే ఉంటాది. అలా నెయ్యలేనమ్మా."

ఆవిడ ఆయన పాదాల దగ్గర చాలాసేపు కూర్చుంది. అన్నం పెట్టి పంపారు. వెళ్ళేటప్పుడు నన్ను ఎత్తబోతుంటే ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు. "దీన్నిక్కడే ఉంచెయ్."

అలా నేను పాత కంప్యూటరుతో సహా ఉప్పాడ చేరాను. మణిమాల విశాఖపట్నంలో ఎవరి ఆటలకో లెక్కలు రాస్తోంది. 'మూడు చుక్కలు' పేజీ మాత్రం ఇంకా తెరుచుకుంటుంది. నన్ను తుక్కుకి వేయలేదు, మ్యూజియంలోనూ పెట్టలేదు. నా వెడల్పాటి వీపు మీద గంగరత్నం గారు తడి నూలు ఆరబెడుతుంది. వేడి తగులుతుంది కదా, త్వరగా ఆరుతుంది. సోమలింగం గారు మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్కోరోజు నన్ను వెలిగించి, పదకొండు చీరలూ వరసగా ఆడతాడు. పదకొండూ పూర్తయితే పన్నెండో మగ్గం వస్తుంది, ఖాళీగా. కింద మణిమాల రాసిన వాక్యం ఒకటి ఉంటుంది: 'చీర మగ్గం మీద ఉంది, దయచేసి వేచి ఉండండి.'

మొన్న నా ఎర్రతుపాకీ పూర్తిగా చల్లబడింది. ఏడో చీర అంచు తెర మీదికి రాగానే ఆయన ముందుకు వంగి, కేకేశాడు.

"ఇదిగో, ఓసారిలా రా. ఈ అంచు ఎర్రగా ఉందా?"

ఆవిడ చేతిలో తడి నూలుతో వచ్చి, ఒక్కసారి చూసి, "ఎరుపేటి? పాత చింతపండులా ఉంది" అని నూలు నా వీపు మీద పరిచేసి వెళ్ళిపోయింది.

ఆయన నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ ముక్కే ఆవేళ ఎవరన్నా..." అన్నాడు గాని, మిగతాది అనలేదు. ఎనిమిదో చీర మొదలెట్టాడు.